98 చూపిస్తోంది, అయినా ఊపిరి ఆడట్లేదు



మీలో చాలామంది చేతికి ఇప్పుడు స్మార్ట్ వాచ్ ఉంది. పదిహేను వందలకో రెండు వేలకో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నదే. ఒకసారి విప్పి వెనక్కి తిప్పి చూడండి. ఆకుపచ్చ లైటు మినుకుమినుకుమంటూ ఉంటుంది. కొన్నిట్లో ఎర్ర లైటు కూడా ఉంటుంది. ఆ వెలుగు మీ చర్మంలోకి వెళ్తుంది, తిరిగి వచ్చినంత వెలుగుని పక్కనున్న సెన్సర్ పట్టుకుంటుంది, లెక్క కట్టి గుండె ఇన్నిసార్లు కొట్టుకుంది, రక్తంలో ఆక్సిజన్ ఇంత శాతం ఉంది అని అంకె చూపిస్తుంది. కోవిడ్ టైంలో ఆశా అక్కలు వేలికి క్లిప్పు పెట్టి చూశారు కదా, ఆ పల్స్ ఆక్సీమీటర్ కూడా ఈ కుటుంబంలోదే.

ఆ అంకె గురించే ఇవాళ మాట్లాడాలి. ఎందుకంటే మన పీహెచ్‌సీల్లో, గూడేనికి వచ్చే మెడికల్ క్యాంపుల్లో, 108 బండిలో, ఒక మనిషిని పెద్దాసుపత్రికి పంపాలా ఇంటికి పంపాలా అనేది చాలాసార్లు ఆ అంకె చూసే తేలుతోంది. మన విషయంలో ఆ అంకె రెండు చోట్ల తప్పుదారి పట్టించగలదు. ఒకటి చర్మం దగ్గర. రెండోది రక్తం దగ్గర. మొదటిదాని మీద ప్రపంచంలో కాస్త గొడవ జరిగింది. రెండోదాని గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లే తక్కువ, నాకైతే అదే ఎక్కువ భయం.

ముందు ఇది ఎట్లా పని చేస్తుందో చూద్దాం. చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడు టార్చిలైటు అరచేతికి ఆనించి వేళ్లు ఎర్రగా వెలగడం చూసే ఉంటారు. ఎరుపు వెలుగు ఒంట్లోంచి దూరి వస్తుంది. మిగతా రంగులు చాలావరకు లోపలే ఆగిపోతాయి. ఆక్సీమీటర్ రెండు రకాల వెలుగు పంపుతుంది. ఒకటి సుమారు 660 నానోమీటర్ల ఎరుపు, రెండోది సుమారు 940 నానోమీటర్ల పరారుణ కాంతి, అది మన కంటికి కనపడదు. ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్ ఎరుపుని ఎక్కువ వదిలేస్తుంది, పరారుణాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ దీనికి తలకిందులు. రెండిటి నిష్పత్తి చూస్తే ఎంత శాతం హిమోగ్లోబిన్ ఆక్సిజన్ ఎత్తుకుందో తెలుస్తుంది.

మరి వేలిలో చర్మం ఉంది, ఎముక ఉంది, గోరు ఉంది, అవి కూడా వెలుగుని ఆపుతాయి కదా అని మీకు అనుమానం రావాలి. 1970ల మొదట్లో జపాన్‌లో నిహోన్ కోడెన్ కంపెనీ ఇంజనీరు టకువో అయోయాగికి ఎదురైన చిక్కూ దీనికి దగ్గరిదే. ఆయన చెవి దగ్గర వెలుగు పంపి వేరే కొలత ఏదో తీస్తుంటే నాడి కొట్టుకున్నప్పుడల్లా కొలత ఊగిపోయేది. ఆ ఊగుడే పనికొస్తుందని ఆయనకి తట్టింది. చర్మం, ఎముక ఊగవు. నాడితో పాటు ఊగేది ధమనిలో రక్తం ఒక్కటే. ఊగే భాగాన్ని మాత్రం తీసుకుంటే మిగతాదంతా లెక్కలోంచి పోతుంది. నిజంగా గొప్ప ఆలోచన. సూది లేకుండా, రక్తం తీయకుండా ఆక్సిజన్ చూడగలగడం వల్ల ఆపరేషన్ థియేటర్లలో ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో లెక్క లేదు. అయోయాగి 2020 ఏప్రిల్‌లో చనిపోయారు. సరిగ్గా ఆయన మిషన్ కోసం ప్రపంచమంతా మెడికల్ షాపుల ముందు నిలబడిన రోజులు.

కాగితం మీద చూస్తే చర్మం రంగు లెక్కలోంచి పోవాలి. నిజంలో పూర్తిగా పోలేదు. నిష్పత్తి వచ్చాక దాన్ని శాతంగా మార్చడానికి ఒక పట్టిక కావాలి. ఆ పట్టిక సూత్రాలతో పుట్టలేదు, మనుషుల మీద కొలిచి తయారు చేశారు. ఆరోగ్యంగా ఉన్న వలంటీర్లని పడుకోబెట్టి, పీల్చే గాలిలో ఆక్సిజన్ మెల్లగా తగ్గిస్తూ, ఒక పక్క వేలికి క్లిప్పు, ఇంకో పక్క ధమని నుంచి రక్తం తీసి ల్యాబులో అసలు విలువ. ఈ రెండూ జత చేస్తే మిషన్‌కి పాఠం వచ్చినట్టు. మిషన్ ఎవరి వేళ్ల మీద చదువుకుందో వాళ్ల వేళ్లని బాగా చదువుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో పెట్టిన నియమం ఏంటంటే, కనీసం పది మంది మీద పరీక్షించాలి, అందులో ముదురు రంగు చర్మం వాళ్లు ఇద్దరైనా, లేదా మొత్తంలో 15 శాతమైనా, ఏది ఎక్కువైతే అంతమంది ఉండాలి. పదిలో ఇద్దరు! మనకి రిజర్వేషన్ మీద క్లాసులు పీకేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా వెలుగుని పీల్చుకుంటుంది. నల్లటి చర్మంలో సెన్సర్‌కి చేరే వెలుగు తగ్గుతుంది, పట్టికలో ఆ తేడాకి చోటు లేదు. ఫలితంగా ఉన్నదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ ఉన్నట్టు చూపించే అవకాశం పెరుగుతుంది. తక్కువ చూపిస్తే నష్టం లేదు, భయపడి ఆసుపత్రికి పరిగెడతాం. ఎక్కువ చూపిస్తే ఇంట్లోనే పడుకుంటాం.

ఇది కొత్త సంగతి కూడా కాదు. వెంటిలేటర్ మీదున్న రోగుల్లో నల్లజాతి వాళ్లకి ఈ కొలత అంత నమ్మదగ్గది కాదని 1990లోనే జుబ్రాన్, టోబిన్ అనే ఇద్దరు డాక్టర్లు రాశారు. ముప్ఫై ఏళ్లు గడిచాయి. 2020 డిసెంబర్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయం డాక్టర్లు న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో లెక్కలతో సహా అచ్చేశారు. మిషన్ 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నప్పుడు అసలు రక్తంలో 88 కన్నా తక్కువ ఉన్న సందర్భాలు తెల్ల రోగుల్లో 3.6 శాతం, నల్ల రోగుల్లో 11.7 శాతం. అంటే దాదాపు మూడు రెట్లు. అదే మిషన్లు, అదే ఆసుపత్రి. 2021 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. అందులో ఇంకో మాట కూడా ఉంది, అది ఏ రంగు చర్మానికైనా పనికొస్తుంది: అనుమతి పొందిన మంచి మిషన్ 90 చూపించినా అసలు విలువ 86 నుంచి 94 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మంచి మిషన్ సంగతే అది. ఐదు వందల రూపాయల క్లిప్పు సంగతి మీరే ఊహించుకోండి. కోవిడ్‌లో మన దగ్గర 94ని గీతగా పెట్టుకున్నాం. దానికి ఒక పాయింటు పైనుంటే ఇంట్లోనే ఐసోలేషన్, కిందుంటే ఆసుపత్రి. ఆ ఒక్క పాయింటు మీద ఎన్ని కుటుంబాలు నమ్మకం పెట్టుకున్నాయో గుర్తు చేసుకోండి.

“అది అమెరికా సంగతి, మనకేంటి” అంటారా. మెలనిన్‌కి పాస్‌పోర్టు ఉండదు. ఎండలో పోడు కొట్టిన చేతులు, తునికాకు కట్టలు కట్టిన వేళ్లు, కాయలు కాసిన చర్మం, చలికాలం పొద్దున చల్లబడిపోయిన వేలి కొసలు. వీటిలో చలికి రక్తం సరిగ్గా ఆడకపోవడం, చర్మం మందంగా ఉండడం కూడా కొలతని చెడగొడతాయని అదే ఎఫ్‌డీఏ చెప్పింది.

చర్మం రంగుని కొలిచే బద్ద గురించి కూడా ఒక మాట. డాక్టర్లు చాలాకాలం వాడింది ఫిట్జ్‌ప్యాట్రిక్ స్కేలు, 1975 నాటిది. ఎండ తగిలితే ఎవరి చర్మం ఎంత కమిలిపోతుందో చెప్పడానికి పుట్టింది అది. మొదట్లో అందులో తెల్ల చర్మం రకాలే ఉన్నాయి, గోధుమ రంగు, నలుపు తర్వాత చేర్చారు. మొత్తం ఆరు గళ్లు. మనందరం, అంటే నీలగిరి నుంచి అదిలాబాద్ దాకా, దాదాపు చివరి రెండు గళ్లలో కూర్చోవాలి. 2022లో ఎల్లిస్ మంక్ అనే సామాజిక శాస్త్రవేత్త పేరుతో పది గళ్ల స్కేలు వచ్చింది. 2025 జనవరిలో ఎఫ్‌డీఏ విడుదల చేసిన ముసాయిదాలో ఆ స్కేలు వాడమని, పది మంది బదులు 150 మందికి తగ్గకుండా పరీక్షించమని రాశారు. కాస్త కదిలారు. కానీ ఆ 150 మందిలో కోయ, కొండరెడ్డి, గోండు, సవర ఎవరూ ఉండరని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. వాచీలో గుండె వేగం కొలిచే ఆకుపచ్చ లైటు విషయంలో ఇంత తేడా బయటపడలేదు. మెలనిన్ ఆకుపచ్చని ఎరుపుకన్నా ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి పెద్ద తేడా వస్తుందని అందరూ అనుకున్నారు. డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో 53 మంది మీద రకరకాల వాచీలు పెట్టి చూస్తే చర్మం రంగుల మధ్య చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. చెయ్యి కదిలినప్పుడు మాత్రం అందరికీ తప్పులు పెరిగాయి. కాబట్టి వాచీ అంతా మోసం అని నేను అనను. పరిగెత్తేటప్పుడు నాడి చూసుకోండి, పర్లేదు. కానీ పచ్చబొట్టు మీద మాత్రం పెట్టొద్దు. కొన్ని పచ్చబొట్ల సిరా, దాని ముదురు రంగు సెన్సర్ వెలుగుని అడ్డుకోవచ్చని ఆపిల్ కంపెనీయే రాసుకుంది. మా అవ్వ ముంజేతి నిండా పచ్చబొట్లే. వాచీ పెట్టి చూస్తే ఒకసారి అంకె వచ్చింది, ఒకసారి గీతలు వచ్చాయి. “నేను ఉన్నానంటోందా లేనంటోందా?” అని అడిగింది.

ఇక రక్తం సంగతి. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

ఆక్సీమీటర్ చూపించేది శాతం. ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్ ఎత్తుకుందో చెప్తుంది. హిమోగ్లోబిన్ అసలు ఎంత ఉందో అది చెప్పదు. మన జీపులతో చెప్తాను. సంత రోజు ఏడు జీపులు తిరగాల్సిన రూట్లో మూడే తిరిగాయనుకోండి. ఆ మూడూ టాపు మీద దాకా కిక్కిరిసి ఉంటాయి. ఎవరో దారిలో నిలబడి, “సీట్లు 98 శాతం నిండాయి, రవాణా భేషుగ్గా ఉంది” అని రాసుకుని పోతే ఎట్లా ఉంటుంది? సంతకి ఎంతమంది చేరారని కదా అడగాలి. లెక్క కావాలంటే ఇదిగో: ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 14 గ్రాములున్న మనిషి 98 శాతం దగ్గర 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 18 మిల్లీలీటర్లు మోస్తాడు. 6 గ్రాములున్న మనిషి అదే 98 శాతం దగ్గర 8 కూడా మోయలేడు. ఇద్దరి వేలికీ క్లిప్పు పెట్టండి. ఇద్దరికీ 98.

దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఎస్టీ ఆడవాళ్లలో అంతకన్నా ఎక్కువ. అంటే మనలో ఎక్కువమంది అక్కచెల్లెళ్లకి ఆ 98 సగం నిజమే చెప్తోంది.

దీనికి తోడు సికిల్ సెల్. మన దేశంలో ఈ జబ్బుని మొదట గుర్తించిందే ఆదివాసుల్లో, 1952లో, నీలగిరి కొండల్లో. ఎస్టీల్లో పుట్టే ప్రతి 86 మందిలో ఒకరికి ఇది ఉంటుందని కేంద్ర ప్రభుత్వమే చెప్తోంది. సికిల్ హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునే తీరే వేరు, మామూలు హిమోగ్లోబిన్ కన్నా తొందరగా వదిలేస్తుంది. కొందరికి ఒంట్లో బాగున్న రోజు కూడా 93, 94 దగ్గరే ఉండొచ్చు. కొందరికి మిషన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు. పైన చెప్పిన వలంటీర్లు గుర్తున్నారా? “ఆరోగ్యవంతులు.” రక్తహీనత ఉన్నవాళ్లని, సికిల్ ఉన్నవాళ్లని అట్లా ఆక్సిజన్ తగ్గించి పరీక్షించడం ప్రమాదం కాబట్టి తీసుకోరు. అది సబబే. కానీ ఆ పట్టికలో వాళ్లు లేరన్న సంగతి మిషన్ పట్టుకున్న మనిషికి తెలియాలి కదా.

నాకు తెలిసిన ఒక చెల్లి ఉంది, డిగ్రీ రెండో సంవత్సరం, సికిల్ పేషెంటు. పోయిన చలికాలం ఛాతీలో నొప్పి, ఆయాసం అని దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. క్లిప్పు పెట్టారు. 97. “ఆక్సిజన్ బాగుంది, గ్యాస్ అయ్యుంటుంది” అని రెండు మాత్రలిచ్చి పంపారు. కార్డు చూపించినా తీసి చూడలేదు. రాత్రికి మళ్లీ జీపు కట్టించుకుని పెద్దాసుపత్రికి పోతే రక్తం పరీక్ష చేశారు, హిమోగ్లోబిన్ 6 కూడా లేదు. రెండు సీసాలు ఎక్కించారు. ఇప్పుడు బాగుంది, పరీక్షలు కూడా రాసింది. ఆ చెల్లి నాతో అన్నది ఒక్కటే: “నొప్పి అన్నా అంటుంటే నా మొహం చూడలేదు, మిషన్ మొహం చూశారు.”

ఇందులో ఆ డ్యూటీ మనిషి చెడ్డవాడని నేను అనట్లేదు. అంకె చూసి నమ్మడం ఆయనకి నేర్పారు. ఆ అంకె ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో నేర్పలేదు.

ఇంకో చిన్న జాగ్రత్త, చలికాలం కాబట్టి. మన్యంలో రాత్రిళ్లు తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటాం. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌కి అతుక్కుంటే, రెండు లైట్ల ఆక్సీమీటర్ దాన్ని ఆక్సిజన్ అనుకుంటుంది. మనిషి తల తిరిగి పడిపోతుంటే మిషన్ 99 అంటుంది. అట్లాంటప్పుడు అంకె చూస్తూ కూర్చోవద్దు. తలుపులు తీయండి, మనిషిని బయటికి ఈడ్చండి, 108కి ఫోన్ చేయండి.

అట్లాగే, వాచీ పెట్టుకుంటే సూది లేకుండా షుగర్ చెప్తుందని అమ్మేవాళ్లు మన సంతల్లోకి కూడా వచ్చేశారు. అట్లా షుగర్ కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. దాన్ని నమ్మి ఇన్సులిన్ డోసు మార్చుకుంటే ప్రాణం మీదకొస్తుంది. ఇంతకన్నా దాని గురించి చెప్పేదేం లేదు.

ఇప్పుడు అసలు అడగాల్సింది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధాని సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించారు. 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని, 2047కల్లా జబ్బుని లేకుండా చేయాలని లక్ష్యం. మంచిదే, మనం కోరుకున్నదే. అన్ని కోట్ల మంది మన వేళ్ల నుంచి రక్తం తీస్తున్నప్పుడు ఒక పని అదనంగా చేయొచ్చు. జబ్బు బయటపడి పెద్దాసుపత్రిలో చేరిన వాళ్లలో కొందరికి ధమని రక్తం పరీక్ష చేస్తారు కదా. అదే నిమిషంలో వేలి అంకె కూడా రాసి, చర్మం రంగు, హిమోగ్లోబిన్ రాసి, ఐదు రాష్ట్రాల్లో ఒక ఏడాది పోగేస్తే మన ఒంటికి సరిపోయే పట్టిక మొదలవుతుంది. కొత్త మిషన్ కనిపెట్టక్కర్లేదు. రాసుకునే ఓపిక కావాలి. ఆ రాసిన లెక్క మనకి కూడా తెలియాలి. గిరిజన ప్రాంతాల ఆసుపత్రులకి ఆక్సీమీటర్లు కొనేటప్పుడు, “ఇది ఎంతమంది ముదురు రంగు చర్మం వాళ్ల మీద పరీక్షించారు” అన్న ప్రశ్న టెండర్ కాగితంలో ఉండాలి. జవాబు లేని కంపెనీది కొనకూడదు.

రేపు ఏదో సంస్థ గూడేనికి వచ్చి గర్భిణులకి, పిల్లలకి ఆరోగ్య బ్యాండ్లు ఉచితంగా పంచుతామంటుంది. వద్దనక్కర్లేదు. కూర్చోబెట్టి అడగండి: ఇది ఎవరి మీద పరీక్షించారు? రాత్రి అలారం మోగితే వచ్చే బండి ఎక్కడుంది? రోడ్డే లేని ఊళ్లో డోలీ మోసేవాళ్లకి బ్యాండ్ ఏం చెప్తుంది? మా ఒంటి లెక్కలు ఏ కంప్యూటర్‌లోకి పోతున్నాయి? 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం మన అనుమతి అడిగే నోటీసుని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఉండాలి. ఆ 22 భాషల్లో సంతాలీ ఉంది, బోడో ఉంది. కోయ లేదు, గోండి లేదు, కువి లేదు, సవర లేదు. అవ్వ దగ్గర వేలిముద్ర వేయించుకునేటప్పుడు కోయలో చెప్పాలన్న బాధ్యత ఆ చట్టం ఎవరి మీదా పెట్టలేదు. అది మీరు పట్టుబట్టాలి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది చేద్దాం. క్లిప్పు పెట్టేముందు చేతులు రుద్ది వెచ్చబరచండి, గోళ్ల రంగు ఉంటే తుడిచేయండి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టండి, అంకె నిలకడగా ఆగేదాకా చూడండి. ఒక్క అంకెకన్నా నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ముఖ్యం. ఆయాసం, ఛాతీ నొప్పి, పెదాలు నల్లబడటం, మాట తడబడటం ఉంటే 98 ఉన్నా బయల్దేరండి. ఆసుపత్రిలో “ఆక్సిజన్ బాగుంది” అంటే, “హిమోగ్లోబిన్ కూడా చూడండి సార్” అని అక్కడే నిలబడండి.

సికిల్ ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు ఈ వారమే ఒక పని చేయండి. ఒంట్లో బాగున్న రోజు చూసి ఆశా అక్క దగ్గరికెళ్లి క్లిప్పు పెట్టించుకోండి. తేదీ, ఏ చేతి ఏ వేలు, ఎంత చూపించింది, ఆఖరిసారి హిమోగ్లోబిన్ ఎంత, ఇవన్నీ ఒక చిన్న కాగితం మీద రాసి సికిల్ కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. అదే మీ సొంత గీత. దానికన్నా మూడు పాయింట్లు తగ్గి, జ్వరమో ఛాతీ నొప్పో ఉంటే ఆ కాగితం డాక్టర్ చేతిలో పెట్టండి. తీసి చూడకపోతే మీరే గట్టిగా చదివి వినిపించండి.